నాన్నగారి కొట్టు చేతికి తీసుకోవడం ఎలా: ప్లైవుడ్, టైల్స్, హార్డ్‌వేర్ వ్యాపారంలో రెండో తరానికి

కొట్లో కూర్చోమని నాన్నగారు అన్న నెల తిరక్కుండా చాలామంది చేసే మొదటి పని బోర్డు మార్చడం. ఆ తర్వాత ఇన్‌స్టాగ్రామ్ పేజీ, ఏసీ షోరూమ్, కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. ఇవేవీ తప్పు కాదు గానీ కొట్టు నడిచేది వీటి మీద కాదు. ఏ సరుకు ఎంతకు పడింది, ఎవరికి ఎన్నాళ్లు అరువివ్వచ్చు, ఏ ఫ్యాక్టరీ లోడులో పై పది షీట్లు మంచివి పేర్చి కింద నాసిరకం సర్దుతుంది అన్న మూడు సంగతులూ నాన్నగారి తలలో ఉన్నాయి. అవి మీ దగ్గరికి రాకముందే షోరూమ్ వెలిగిస్తే, కరెంటు బిల్లు మీది, పెత్తనం ఆయనది.

బెంగళూరులో మారతహళ్లి, హూడి, కేఆర్ పురం వైపు మనవాళ్లు నడిపే మధ్యరకం కొట్టును దృష్టిలో పెట్టుకుని ఈ వరస రాశాం. ఏడాదిన్నర పడుతుంది. ఆర్నెల్లలో అయిపోయిందంటే ఏదో ఒక మెట్టు దాటేసినట్టే.

1. ముందు గోడౌన్ లెక్క

కౌంటర్‌లో కాదు, గోడౌన్‌లో మొదలుపెట్టండి. ఒక ఆదివారం కొట్టు మూసి, ఇద్దరిద్దరు చొప్పున లెక్కకు దించండి. ఒకరు లెక్కపెడతారు, ఒకరు రాస్తారు. ట్యాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్‌లో) ఎంత ఉందో ఆ ఇద్దరికీ చెప్పకండి. చెబితే ఆ అంకె దగ్గరికే లెక్క వచ్చి ఆగుతుంది.

ప్లైవుడ్‌ను మందం వారీగా, గ్రేడు వారీగా రాయండి: 18 మి.మీ. 710 (మెరైన్ గ్రేడు) ఎన్ని, 12 మి.మీ. బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే గ్రేడు) ఎన్ని, ఇలా. దొంతర అడుగున ఉన్న రెండు మూడు షీట్లు తీసి చూడకుండా వదలకండి. నేల చెమ్మ తగిలి అంచు ఉబ్బేదీ, చెద మొదలయ్యేదీ అక్కడే. సిమెంటు మూడు నెలలు దాటితే బలం తగ్గుతుంది కాబట్టి బస్తా మీది వారం, సంవత్సరం చూడండి. సిలికాన్, టైల్ గమ్, వాటర్‌ప్రూఫింగ్ డబ్బాల మీద గడువు తేదీ ఉంటుంది. రంగు కలిపి కస్టమర్ వద్దన్న పెయింటు డబ్బాలను కంపెనీ వెనక్కి తీసుకోదు, వాటిని విడిగా రాయండి.

టైల్స్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. రెండడుగుల టైల్ పెట్టెలో నాలుగు పలకలుంటాయి. పెట్టె 16 చదరపు అడుగులని పాతవాళ్ల నోటి లెక్క. కానీ పలక నిజంగా 600 మి.మీ., అంటే పెట్టె 15.5 మాత్రమే. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి 16తో భాగిస్తే 63 పెట్టెలు, 15.5తో భాగిస్తే 65. తరుగు ఐదు శాతం కలిపితే 68. తేడా ఐదు పెట్టెలేగా అనుకుంటాం. ఆ ఐదూ నెల తర్వాత తెప్పిస్తే వేరే బ్యాచ్ వస్తుంది, షేడ్ కలవదు. హాలు మధ్యలో ఒక పట్టీ వేరే రంగులో కనబడుతుంది, ఇంటాయన నేల పగలగొట్టించి ఖర్చు మీ మీద వేస్తాడు. అందుకే పెట్టెలతో పాటు పెట్టె మీది షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు రాయండి. 40 పెట్టెలున్నాయని పుస్తకం అంటుంది. నిజానికి అవి నాలుగు బ్యాచ్‌ల పదేసి పెట్టెలు. దాన్ని ఒక హాలుకు అమ్మలేరు, నాలుగు బాల్కనీలకు అమ్మగలరు.

లెక్కయ్యాక సరుకును వయసు వారీగా మూడు కుప్పలు చేయండి: 90 రోజుల్లోపు, 90 నుంచి 180, ఆపైన. మూడో కుప్పను చూసి నాన్నగారి కొనుగోళ్లను తప్పుపట్టకండి. ఆ ఒక్క మాటతో మిగతా మెట్లన్నీ మూసుకుపోతాయి. "నాన్నా, ఇది సగం రేటుకు పంపేస్తే ఈ గోడ ఖాళీ అవుతుంది" అనండి చాలు. ఖాళీ గోడ ఏ వ్యాపారికైనా నచ్చుతుంది.

2. ఒక షీటు అసలు ఎంతకు పడుతుంది

కొన్ని కొట్లలో కొన్న రేటును అక్షరాల కోడ్‌లో చీటీ మీద రాస్తారు. పది అక్షరాల మాట ఒకటి, ఒక్కో అక్షరం ఒక్కో అంకె. మీ కొట్లో కూడా ఉంటే మొదట అది నేర్చుకోండి. నేర్చుకున్నాక మీకో సంగతి తెలుస్తుంది: అందులో ఉన్నది కొన్న రేటే గానీ పడిన రేటు కాదు.

ఉదాహరణకు ఒక 18 మి.మీ. షీటు తీసుకోండి. అంకెలు మీ కొట్టువి వేసుకోవచ్చు. చదరపు అడుగు 95 రూపాయలు, 8x4 షీటుకు 32 అడుగులు, అంటే 3,040. క్యాష్ డిస్కౌంట్ మూడు శాతం పోతే 2,949. లారీ బాడుగ షీటుకు 25, హమాలీ 6, డ్యామేజీకి ఒక శాతం అంటే 30. మొత్తం 3,010. కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ 18 శాతం, మీరు కట్టాల్సిన పన్నులో క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది కాబట్టి ఇందులో కలపలేదు. 3,250కి అమ్మితే 240 మిగిలినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు కొట్టు లోపలి ఖర్చు. కస్టమర్‌ను తెచ్చిన కార్పెంటర్‌కు కమీషన్ మూడు శాతం, 98. డెలివరీ 30. అరువు 60 రోజులైతే, మీ ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్) వడ్డీ 12 శాతం లెక్కన 64. చేతిలో మిగిలేది 48. అదే బాకీ 120 రోజులకు వస్తే వడ్డీ 128, షీటుకు 16 రూపాయలు మీరే ఎదురిచ్చినట్టు. పైగా ఆ షీటు మీద 585 రూపాయల జీఎస్టీ కస్టమర్ ఇచ్చినా ఇవ్వకపోయినా నెలవారీ రిటర్న్‌లో లెక్కకు వచ్చేస్తుంది. బాకీ మునిగిపోయినా ఆ పన్ను వెనక్కి రాదు.

ఈ కాగితం ఒక్కటి నాన్నగారి ముందు పెట్టండి. సాఫ్ట్‌వేర్ గురించి గంట మాట్లాడినా కదలని మనిషి దీనికి కదులుతాడు. ఎందుకంటే ఇందులో ఉన్నవన్నీ ఆయనకు విడివిడిగా తెలిసినవే, ఒకచోట కూడినప్పుడు మాత్రం ఎప్పుడూ చూసుకుని ఉండరు.

కార్పెంటర్ కమీషన్ మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. దాన్ని ఒక్కసారిగా ఆపేస్తే ఆ కార్పెంటర్లు మర్నాడే పక్క కొట్లో ఉంటారు. ఆపకండి, పుస్తకంలోకి తెండి. గల్లాలోంచి నోట్లు తీసి చేతిలో పెట్టకుండా, నెలాఖరుకు యూపీఐలో వేసి ఖర్చుగా రాయండి. ఇంటాయన డబ్బు పూర్తిగా వచ్చాకే కమీషన్ అని నియమం పెట్టండి. అప్పుడు మీ బాకీ వసూలు చేసేది కూడా కార్పెంటరే అవుతాడు.

3. బాకీల పుస్తకం: అసలు పట్టాభిషేకం ఇక్కడే

అరువు ఎవరికివ్వాలో నిర్ణయించేవాడే కొట్టు యజమాని. చెక్కు మీద సంతకం తర్వాత సంగతి.

పెద్ద బాకీలు ముప్పై తీసి ఒక షీటులో రాయండి: పేరు, మొత్తం, అన్నిటికన్నా పాత బిల్లు తేదీ, చివరిసారి ఎప్పుడు ఎంత కట్టారు, పరిమితి ఎంత. చివర ఇంకో గడి పెట్టండి, అదే ముఖ్యం. ప్రతి పేరు దగ్గరా నాన్నగారిని అడిగి ఒక వాక్యం రాయండి. "పెళ్లిళ్ల సీజన్ తర్వాతే కడతాడు, కానీ కడతాడు." "వాళ్ల బావమరిది హామీ." "అపార్ట్‌మెంట్ పని అయితే ఇవ్వు, సొంతిల్లు అయితే ఇవ్వకు." ఈ ముప్పై వాక్యాలే మీకు దక్కే అసలైన ఆస్తి. ఏ డేటాబేస్‌లోనూ దొరకవు.

తర్వాత చట్టం వైపు చూడండి. డబ్బు బాకీకి దావా గడువు మూడేళ్లు. మూడేళ్లు నిండక ముందే బాకీదారు సంతకంతో "ఇంత ఇవ్వాలి" అని కాగితం తీసుకుంటే గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అందుకే ఏటా మార్చి 31 నాటి నిల్వ రాసి అందరితో సంతకం పెట్టించుకోవడం అలవాటు చేయండి. ఒకరినే అడిగితే నొచ్చుకుంటారు. అందరినీ అడిగితే ఆడిటర్ అడిగాడని సరిపెట్టుకుంటారు. చెక్కు బౌన్స్ అయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు వెళ్లాలి, నోటీసు అందాక 15 రోజులు ఆగాలి, అప్పటికీ కట్టకపోతే మరో నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. "రేపిస్తాడులే" అంటూ మొదటి 30 రోజులు దాటించేస్తే ఆ నోటీసుకు విలువ లేదు.

ఇక పాత కాంట్రాక్టర్‌తో మాట. కర్నూలు వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా సరుకు తీసుకుంటున్న మేస్త్రీ, నాలుగు లక్షలు బాకీ. మీరు అడగ్గానే అనేది ఇదే: "మీ నాయన ఒక్కనాడన్నా ఇట్ల అడిగినాడా చిన్నబాబూ?"

దీనికి జవాబు ముందే అనుకుని ఉండాలి. "అడగలేదు అన్నా. పాత నాలుగు లక్షలు పక్కన పెడదాం, నెలకు నలభై వేలు, పది నెలలు. ఈ రోజు తీసుకునే లోడుకు మాత్రం ముప్పై రోజులు. సరేనా?" పాత బాకీ, కొత్త బాకీ వేరు చేయడం వల్ల ఆయన మర్యాద పోదు, మీకు సరుకు ఆపే హక్కు మిగులుతుంది. నలభై వేలు రెండు నెలలు వరసగా తప్పితే కొత్త లోడు నగదుకే.

ఆయన బయటికి వెళ్లి నాన్నగారికి ఫోన్ చేస్తాడు. నూటికి తొంభై ఇళ్లలో నాన్నగారు మీకు ఫోన్ చేసి "పోనీ ఇచ్చెయ్‌రా, మనవాడే" అంటారు. ఆ ఒక్క మాటతో మీరు మళ్లీ కౌంటర్‌లో కుర్రాడు. దీన్ని గొడవపడి ఆపలేరు, ఖాతా తెరిచి ఆపొచ్చు. ట్యాలీలో "నాన్నగారి మాట" అని ఒక గ్రూపు పెట్టండి. మీ నియమం దాటి ఆయన ఇప్పించిన ప్రతి అరువూ అందులోకి. దానికి లక్షో రెండు లక్షలో పరిమితి ఆయనే చెప్పాలి. నెల ఒకటో తారీఖున ఆ పేజీ ఒక్కటి ఆయనకు చూపండి, వ్యాఖ్యానం వద్దు. నాలుగైదు నెలలకు ఆయనే "వాడికి నేను చెబుతాలే" అని వసూలుకు బయలుదేరతారు.

ఓడీ ఉన్నవాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో 90 రోజులు దాటిన బాకీలను బ్యాంకులు సాధారణంగా లెక్కలోకి తీసుకోవు. పాత బాకీలు పెరిగేకొద్దీ మీరు వాడుకోగల డబ్బు తగ్గుతూ వస్తుంది.

4. కొనుగోలు

కంపెనీ సేల్స్ కుర్రాళ్లు కొత్త యజమానిని వాసన పట్టేస్తారు. మార్చి ఆఖరి వారంలో టార్గెట్ పూర్తి చేయించడానికి రెండు నెలల సరుకు దింపబోతారు, ఫ్యామిలీ ట్రిప్ అంటారు. ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ సరుకు 45 రోజుల్లో కదులుతుందా? కదలకపోతే రెండు శాతం స్కీమ్‌ను రెండు నెలల వడ్డీయే తినేస్తుంది.

ఫ్యాక్టరీలకు ఒక్కసారైనా నాన్నగారితో కలిసి వెళ్లండి. ప్లైవుడ్‌కు కేరళలో పెరుంబవూర్, హర్యానాలో యమునానగర్, టైల్స్‌కు గుజరాత్‌లో మోర్బి. "మా అబ్బాయి" లేదా "మా అమ్మాయి, ఇక నుంచి ఆర్డరు తనే పెడుతుంది" అన్న మాట ఆయన నోటి నుంచి అక్కడ పడాలి. ఫోన్‌లో చెబితే చెల్లదు. నాసి లోడు వస్తే మార్చి పంపేది ఆ ముఖం గుర్తుండే.

చెల్లింపుల్లో రెండు గడువులు గుర్తుంచుకోండి. ఫ్యాక్టరీ ఉద్యమ్‌లో (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదులో) సూక్ష్మ లేదా చిన్న తయారీ సంస్థగా నమోదై ఉంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో కట్టాలి, లేకపోతే 15 రోజుల్లోనే. దాటి, మార్చి 31కి కూడా కట్టకపోతే ఆ ఏడాది ఆ కొనుగోలు ఖర్చుగా చెల్లదు, లేని లాభానికి ఆదాయపన్ను పడుతుంది. రెండోది జీఎస్టీ: బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సరఫరాదారుకు డబ్బు ఇవ్వకపోతే తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి.

5. మనుషులు

పాతికేళ్లుగా ఉన్న గుమాస్తాను సాఫ్ట్‌వేర్ తెలిసిన కొత్త కుర్రాడి కింద పెట్టకండి. గోడౌన్ తాళం ఆయన దగ్గరే ఉంచి, లోపలికి వచ్చేదీ బయటికి వెళ్లేదీ ఆయన చేత్తోనే చీటీ రాయించండి. కంప్యూటర్‌లో ఎక్కించే పని కుర్రాడిది. రెండూ సాయంత్రం కలవాలి.

కూతురు కూర్చునే కొట్లలో ఇంకో చిక్కు ఉంది. మేస్త్రీ ప్రశ్న అమ్మాయికి వేసి, జవాబు కోసం గుమాస్తా వైపు చూస్తాడు. రేటు చెప్పేది ఆమె ఒక్కతే అని మొదటి రోజే గుమాస్తాతో అనుకోవాలి. "అమ్మాయిగారిని అడగండి" అని ఆయన పదిసార్లు అంటే పదకొండోసారి అవసరం ఉండదు.

మీరు నెల జీతం తీసుకోండి, పుస్తకంలో రాసి. గల్లాలోంచి పెట్రోలుకు, టిఫినుకు తీసే అలవాటు మొదలైతే అన్నదమ్ముల మధ్య లెక్క ఏనాటికీ తేలదు.

6. కాగితాలు

చాలా కొట్లు నాన్నగారి సొంత పేరు మీదే ఉంటాయి. దాన్ని భాగస్వామ్య సంస్థగా మారిస్తే పాన్ మారుతుంది, పాన్ మారితే జీఎస్టీ నంబరు మారుతుంది. వరస తప్పితే డబ్బు ఇరుక్కుంటుంది. సరైన వరస ఇదీ: ఒప్పందపత్రం, పాన్, కరెంట్ అకౌంట్, కొత్త జీఎస్టీ రిజిస్ట్రేషన్. తర్వాత పాత నంబరులో మిగిలిన క్రెడిట్‌ను ఐటీసీ-02 ఫారంతో కొత్తదానికి బదిలీ చేయడం. దీనికి సీఏ ధ్రువపత్రం కావాలి, కొత్త సంస్థ పోర్టల్‌లో అంగీకరించాలి కూడా. ఆ తర్వాతే పాత నంబరు రద్దు, రద్దయిన మూడు నెలల్లో జీఎస్టీఆర్-10 అనే చివరి రిటర్న్. ముందే రద్దు చేసుకుని తర్వాత క్రెడిట్ కోసం తిరగడం ఎక్కువగా చూసే పొరపాటు. ట్రేడ్ లైసెన్సు, అద్దె ఒప్పందం, కంపెనీల డీలర్‌షిప్, ఉద్యమ్, ఇవి కూడా ఒక్కొక్కటే మార్చాలి. బోర్డు ఎలాగూ మారుతుంది కాబట్టి, 60 శాతం కన్నడ ఉండాలన్న 2024 నాటి చట్టాన్ని పెయింటర్‌కు ముందే చెప్పండి.

తండ్రీ కొడుకూ ఇద్దరే భాగస్వాములుగా పత్రం రాయించకండి. ఒకరు పోతే భాగస్వామ్యమే ఉండదు, ఒక్కరితో అది నిలవదు. "మరణించినా సంస్థ కొనసాగును" అన్న వాక్యం అందులో ఉన్నా ఉపయోగం లేదు. అమ్మగారినో అక్కచెల్లెళ్లనో మూడో భాగస్వామిగా పెట్టండి, లేదా ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) చేయండి. సంస్థను రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ కాని సంస్థకు బాకీదారు మీద దావా వేసే హక్కు ఉండదు.

అక్కచెల్లెళ్ల వాటా మాట దాటేయకండి. నాన్నగారు సొంతంగా సంపాదించినదాన్ని వీలునామాతో ఎవరికైనా ఇవ్వచ్చు. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ, పిల్లలందరికీ, ఆయన తల్లి ఉంటే ఆమెకూ సమానం, పెళ్లయిన కూతుళ్లతో సహా. స్థలం వేరు, వ్యాపారం వేరు అని విడదీస్తే చిక్కు సగం తీరుతుంది. స్థలంలో అందరికీ వాటా, వ్యాపారం ఆ స్థలానికి మార్కెట్ అద్దె కడుతుంది, నడిపేవారికి జీతం, మిగిలిన లాభం పత్రంలో రాసుకున్నట్టు.

కౌంటర్ మీది క్యూఆర్ స్టిక్కర్ ఏ ఖాతాకు పోతోందో ఈ రోజే చూడండి. నాన్నగారి సేవింగ్స్ ఖాతాకో, అమ్మగారి ఖాతాకో పోతుంటే మార్చేయండి. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు తీసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది.

నాన్నగారు భాగస్వామ్యం నుంచి తప్పుకునే రోజు వస్తే, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు తెలిపి, గెజిట్‌లోనూ ఒక స్థానిక భాషా పత్రికలోనూ ప్రకటన ఇచ్చేదాకా బయటివాళ్ల దృష్టిలో బాధ్యత ఆయన మీద కూడా ఉంటుంది. ఓడీకి ఆయన ఇచ్చిన వ్యక్తిగత హామీ దీనితో పోదు. రెన్యువల్ సమయంలో విడిగా రాసి అడగాలి.

7. ఇప్పుడు కొత్త పని

నాగసంద్రలో ఐకియా ఫర్నిచర్ షోరూమ్ 2022లో తెరిచారు. ఇంటీరియర్ కంపెనీలు లివ్‌స్పేస్, హోమ్‌లేన్ పుట్టింది ఈ ఊళ్లోనే. వాళ్లతో షోరూమ్ మెరుపులో పోటీపడకండి. మధ్యాహ్నం రెండింటికి ఒక్క షీటు తక్కువైందని సైటు నుంచి ఫోన్ వస్తే నాలుగింటికి పంపగలిగేది మీరే, ఆ బలం మీద కట్టండి.

మొదటి పెట్టుబడికి మా ఓటు షీట్లు కోసే ప్యానెల్ సా, అంచు పట్టీ అంటించే ఎడ్జ్ బ్యాండింగ్ మెషీన్లకు. వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో సైటు మీద కట్టింగుకు దుమ్మనీ చప్పుడనీ అభ్యంతరాలు, పని వేళల ఆంక్షలు. ఎనిమిదడుగుల షీటు చాలా లిఫ్టుల్లో పట్టదు, మెట్ల మీద మోయడానికి అంతస్తుకు ఇంత అని కూలీ. కార్పెంటర్ కొలతల జాబితా వాట్సాప్‌లో పంపితే, కొట్లోనే కోసి, అంచు పట్టీ వేసి, ముక్కకు నంబరు అంటించి పంపండి. కోత వెడల్పు మూడు నాలుగు మి.మీ. ప్రతి గీతకూ పోతుందని జాబితాలో కలపకపోతే చివరి ముక్క చిన్నదవుతుంది. జాబితా మీద కార్పెంటర్ ఒప్పుకున్నట్టు మెసేజ్ వచ్చాకే రంపం పెట్టండి.

నాన్నగారి కుర్చీని గల్లా దగ్గర్నుంచి ఈ మెషీన్ పక్కకు జరపండి. కోతకు వెళ్లే ప్రతి షీటునూ ఆయన వేలి కణుపుతో తట్టి చూడాలి. లోపల వెనీర్ల మధ్య ఖాళీ ఉంటే చప్పుడు డొల్లగా వస్తుంది. అది కోతకు ముందు తెలిస్తే షీటు ఫ్యాక్టరీకి వాపసు వెళ్తుంది, కోశాక తెలిస్తే మీ గోడౌన్‌కే వస్తుంది.